క్లోరిన్, హైడ్రోజన్ ఒకే సెల్‌లో పుడతాయి సరే, ప్లాంటు గడప దాటాక ఎటు పోతాయి?

ద్రవ్యసమతుల్యం అనే మారుపేరుతో ఒకరు ఫోరంలో అడిగారు (కింద జవాబులిచ్చినవాళ్లవీ మారుపేర్లే):

డిజైన్ అభ్యాసంగా రోజుకు 100 టన్నుల కాస్టిక్ సోడా (నీరు కలపని లెక్కలో) తీసే మెంబ్రేన్ ప్లాంటుకు లెక్కలు వేస్తున్నాను. ఉప్పునీటి విద్యుద్విశ్లేషణ సమీకరణం ప్రకారం దాంతోపాటు 88.6 టన్నుల క్లోరిన్, 2.52 టన్నుల హైడ్రోజన్ వస్తున్నాయి. హైడ్రోజన్‌ను సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర కొలిస్తే గంటకు సుమారు 1,170 ఘనమీటర్లు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. ఆ తర్వాతే ఆగిపోయాను. పాఠ్యపుస్తకాల్లో క్లోరిన్ అనగానే పీవీసీ, నీటిశుద్ధి, బ్లీచింగ్ అనీ, హైడ్రోజన్ అనగానే అమ్మోనియా, నూనెలు గట్టిపరచడం అనీ జాబితా ఉంటుంది. ఆ జాబితా చూసి పైపు గీయలేం కదా. క్లోరిన్‌ను సెల్ నుంచి నేరుగా వాడుకదారుకు ఎందుకు పంపకూడదు? ఇంత హైడ్రోజన్‌తో ఏం చేయాలి, అమ్మోనియా చేయొచ్చా? రెండూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి కలిపి మండించి మొత్తం హైడ్రోక్లోరిక్ యాసిడ్ చేసేస్తే గొడవ వదిలిపోదా? క్లోరిన్ తీసుకునేవాళ్లు హఠాత్తుగా ఆపేస్తే ఏం చేస్తారు?

తెలిసినవాళ్లు అంకెలతో చెబితే మేలు.

సెల్‌హౌస్:

ముందు ఒక ముడి గురించి చెప్పాలి. ఈ మూడు సరుకుల నిష్పత్తి మన చేతిలో లేదు. టన్ను క్లోరిన్‌కు 1.128 టన్నుల కాస్టిక్, 28 కిలోల హైడ్రోజన్. కరెంటు పెంచితే మూడూ పెరుగుతాయి, తగ్గిస్తే మూడూ తగ్గుతాయి. కాస్టిక్‌ను ట్యాంకుల్లో వారాల తరబడి ఉంచొచ్చు. హైడ్రోజన్‌ను మండించొచ్చు, తప్పనిసరైతే వెంట్ నుంచి వదలొచ్చు. క్లోరిన్‌కు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. అందుకే అలాంటి ప్లాంటు ఎంత లోడు మీద నడవాలో చాలా రోజులు క్లోరిన్ తీసుకునేవాడే తేలుస్తాడు. మీరు కాస్టిక్ దగ్గర మొదలుపెట్టారు, లెక్కకు ఇబ్బంది లేదు. డిజైన్‌ను మాత్రం క్లోరిన్ దగ్గర మొదలుపెట్టండి.

ఇక నేరుగా ఎందుకు పంపకూడదు అన్నది. సెల్ 85–90 డిగ్రీల దగ్గర నడుస్తుంది. ఆ వేడిలో ఆనోడ్ వైపు నుంచి వచ్చే వాయువులో క్లోరిన్ ఎంతో, నీటి ఆవిరి ఘనపరిమాణంలో దాదాపు అంతే ఉంటుంది. తడి క్లోరిన్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, హైపోక్లోరస్ యాసిడ్ కలిపి పైపులో పోసినట్టే. మామూలు ఉక్కు నిలవదు. తడి భాగానికి టైటానియం, ఎఫ్ఆర్‌పీ (గాజు పీచు కలిపిన ప్లాస్టిక్) లాంటివి వాడతారు. ఎండిన క్లోరిన్‌కు మాత్రం మామూలు కార్బన్ ఉక్కే చాలు, 120 డిగ్రీలు దాటనివ్వకపోతే. వేడి ఇంకా పెరిగి 250 డిగ్రీల దరిదాపుకు వెళితే ఉక్కే క్లోరిన్‌లో అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న పైపుకు వెల్డింగ్ పెట్టకూడదనేది ఇందుకే.

తలకిందులు ఇంకోటుంది, కొత్తవాళ్లు తప్పకుండా దెబ్బతినేది ఇక్కడే. తడి క్లోరిన్‌లో రాయిలా నిలిచే టైటానియం పొడి క్లోరిన్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర కూడా మండిపోతుంది. దాన్ని కాపాడే ఆక్సైడ్ పొర నిలవాలంటే కొంత నీరు ఉండి తీరాలి. కాబట్టి డ్రైయింగ్ టవర్‌కు ముందు టైటానియం, తర్వాత ఉక్కు. స్టోర్‌లో ఉందిగదా అని టైటానియం వాల్వు తెచ్చి పొడి లైనులో బిగిస్తే అది ఆదా కిందకు రాదు, అగ్నిప్రమాదం కిందకు వస్తుంది.

ఎండబెట్టడం రెండు అంచెలు. మొదట చల్లబరచాలి, తర్వాత 98% సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడగాలి. చల్లబరచడంలో ఎంత శ్రద్ధ పెడితే యాసిడ్ అంత మిగులుతుంది. లెక్క చూడండి: వాయువును 40 డిగ్రీలకు మాత్రమే దించితే టన్ను క్లోరిన్‌తో 20 కిలోల నీరు టవర్‌లోకి వస్తుంది. 15 డిగ్రీలకు దించితే నాలుగున్నర కిలోల లోపే. యాసిడ్‌ను 77% దాకా పలచనయ్యేవరకు వాడుకుంటే మొదటి సందర్భంలో టన్నుకు 70 కిలోలకు పైగా, రెండోదాంట్లో 16 కిలోల చొప్పున ఖర్చు. అలాగని ఇంకా చల్లగా దించుదామంటే 9.6 డిగ్రీల దగ్గర క్లోరిన్ హైడ్రేట్ అనే పసుపుపచ్చ గడ్డ కట్టి కూలర్ గొట్టాలు మూసుకుపోతాయి. అందుకే 12–15 మధ్య ఆగుతారు. చిల్డ్ వాటర్ కంట్రోల్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందా, పీడన వ్యత్యాసం పెరగడంతో తెలిసిపోతుంది. టవర్ దాటాక తేమ 50 పీపీఎం లోపు ఉండాలి.

వాడిన యాసిడ్‌లో క్లోరిన్ కరిగి ఉంటుంది. దాన్ని గాలితో తరిమి, ఆ గాలిని హైపో టవర్‌కు (క్లోరిన్‌ను కాస్టిక్‌లో పట్టి హైపోక్లోరైట్‌గా మార్చే టవర్) పంపాలి. అలా చేయకుండా యాసిడ్‌ను ట్యాంకర్‌కు ఎక్కిస్తే దారి పొడుగునా వాసనే.

సెల్ విషయం రెండు ముక్కల్లో. సెల్‌కు 3 ఓల్టుల దగ్గర టన్ను క్లోరిన్‌కు సుమారు 2,350 కిలోవాట్ గంటల కరెంటు పడుతుంది. ఉప్పు లెక్క ప్రకారం 1.65 టన్నులు, ఆచరణలో కొంచెం ఎక్కువ. ఉప్పునీటిలో కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి 20 పీపీబీ దాటకూడదు. పీపీఎం కాదండీ, పీపీబీ, అంటే వంద కోట్లలో ఇరవై వంతులు. దాటితే మెంబ్రేన్ లోపలే హైడ్రాక్సైడ్ స్ఫటికాలు కూర్చుంటాయి. కాల్షియంతో కరెంటు సామర్థ్యం పడిపోతుంది, మెగ్నీషియంతో ఓల్టేజి పెరుగుతుంది. ఒకసారి కూర్చున్నాక నీటిని శుద్ధి చేసినా మెంబ్రేన్ మునుపటిలా కాదు. అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌లు రెండు వరుసగా పెట్టి, మొదటిది అలిసిపోయినా రెండోది పట్టేలా నడపడం అందుకే.

నీలిమంట:

హైడ్రోక్లోరిక్ యాసిడ్ సంగతి నేను చెబుతాను.

"మొత్తం మండించేస్తే" అన్నారు కదా, అంకెలు వేసి చూడండి. 88.6 టన్నుల క్లోరిన్‌కు 2.52 టన్నుల హైడ్రోజన్ కలిస్తే 91 టన్నుల హైడ్రోజన్ క్లోరైడ్. మార్కెట్‌కు వెళ్లేది 32% ద్రావణం, అంటే రోజుకు 285 టన్నుల ద్రవం. అందులో మూడింట రెండు వంతులు నీళ్లు. ఉక్కు పిక్లింగ్ (పైనున్న తుప్పు పొర తీయడం), అయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్ల రీజనరేషన్, మీ సొంత ఉప్పునీటి పీహెచ్ సర్దుబాటు: వాడకాలు చాలా ఉన్నాయి కానీ ఎక్కడైనా తీసుకునేది కొద్దికొద్దిగానే. పైగా వేరే పరిశ్రమల నుంచి ఉపఉత్పత్తిగా ఈ యాసిడ్ ఊరికే వచ్చిపడుతుంటుంది (దాని గురించి కింద ఎవరైనా రాస్తారనుకుంటున్నాను). ఇంకో చిక్కు: ఫర్నేస్ నడవాలంటే హైడ్రోజన్ లెక్కకంటే 5–10% ఎక్కువ ఉండాలి. మీ దగ్గర ఉన్నది సరిగ్గా సరిపడా. కాబట్టి మొత్తం క్లోరిన్‌ను మండించడం లెక్కలోనే కుదరదు.

హైడ్రోజన్ ఎక్కువ ఎందుకంటే, క్లోరిన్ మిగిలితే అది యాసిడ్‌లో కరుగుతుంది. అలాంటి యాసిడ్ రబ్బరు లైనింగ్‌ను, రెసిన్‌ను తినేస్తుంది. పొటాషియం అయొడైడ్, గంజి కలిపిన చుక్కలు వేస్తే నీలం వస్తుంది, గంటకోసారి చూసుకోవడం మంచిది. హైడ్రోజన్ మరీ ఎక్కువైతే చివర బయటికెళ్లే వాయువులో పేలుడు మిశ్రమం తయారవుతుంది. ఈ రెండు గట్ల మధ్యే నడవాలి.

ఫర్నేస్ రెసిన్ పట్టించిన గ్రాఫైట్‌తో కడతారు, చుట్టూ నీటి జాకెట్. క్వార్ట్జ్ బర్నర్‌లో లోపలి గొట్టంలో క్లోరిన్, బయటి వలయంలో హైడ్రోజన్. మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. నీలం కలిసిన తెల్లని మంట ఉంటే ఆరోగ్యం. పసుపు, ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే క్లోరిన్ ఎక్కువైంది.

వెలిగించే వరుస మార్చకూడదు. నైట్రోజన్‌తో ఊది, లోపలి వాయువు నమూనాలో మండేది లేదని తేల్చుకోవాలి. తర్వాత హైడ్రోజన్‌ను గాలితో వెలిగించాలి. మంట స్థిరపడ్డాక క్లోరిన్‌ను కొద్దికొద్దిగా తెరుస్తూ, గాలిని అంతే మెల్లగా తగ్గించాలి. ఆపేటప్పుడు రెండింటినీ తక్కువ లోడుకు దించి, ముందు క్లోరిన్, తర్వాత హైడ్రోజన్ మూసి, వెంటనే నైట్రోజన్. మంట ఆరిపోయినట్టు డిటెక్టర్ చెబితే రెండు వాల్వులూ తమంతట తామే ఒకేసారి మూసుకోవాలి. ఆరిన ఫర్నేస్‌ను "ఇంకా వేడిగానే ఉంది, అంటుకుంటుంది" అని మళ్లీ హైడ్రోజన్ వదిలి చూడటం అంత ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. ఈ రెండు వాయువుల మిశ్రమానికి నిప్పురవ్వ అక్కర్లేదు, ఎండ వెలుతురు చాలు. ఫర్నేస్ నెత్తిన పగిలే బిళ్ల పెట్టేది ఆ ఒక్క క్షణం కోసమే.

మంట కింద పడే వాయువును ఫాలింగ్ ఫిల్మ్ గ్రాఫైట్ అబ్సార్బర్‌లో (గొట్టం గోడ వెంట పలచని పొరగా జారే) నీటితో పట్టిస్తారు. యాసిడ్ పసుపుగా వస్తే ఎక్కువసార్లు కారణం ఇనుము: ఎక్కడో లైనింగ్ చిట్లి ఉక్కు బయటపడింది. గాఢత 32 నుంచి జారుతుంటే నీరు ఎక్కువైందని ఫ్లోమీటర్ దగ్గరికి పరిగెత్తే ముందు గ్రాఫైట్ బ్లాకులో జాకెట్ నీరు లోపలికి కారుతోందేమో చూడండి. జాకెట్ నీటి పీడనం లోపలి పీడనం కంటే ఎక్కువ కాబట్టి లీకు లోపలికే వస్తుంది.

సెల్‌హౌస్:

ఆ మిశ్రమం మాట వచ్చింది కాబట్టి ఒకటి చేర్చాలి. పేలుడు ఫర్నేస్‌లోనే జరగాలని లేదు, క్లోరిన్‌ను ద్రవంగా మార్చేచోట కూడా పొంచి ఉంటుంది. మెంబ్రేన్‌కు సూదిమొన రంధ్రం పడితే హైడ్రోజన్ క్లోరిన్ వైపు వస్తుంది. క్లోరిన్‌లో హైడ్రోజన్ 0.3% అనుకోండి, చిన్న అంకెలాగే ఉంటుంది. 100 ఘనమీటర్లలో 95 ద్రవమైపోయాక మిగిలిన 5 ఘనమీటర్లలో ఆ 0.3 అలాగే ఉంటుంది. అంటే 6%. క్లోరిన్‌లో హైడ్రోజన్ మండే కింది హద్దు సుమారు 4%. అందుకే ఎంత శాతం ద్రవం చేయాలో నిర్ణయించేది కంప్రెసర్ సత్తా మాత్రమే కాదు, తోక వాయువులో (ద్రవం కాకుండా చివర మిగిలినది) హైడ్రోజన్ ఎనలైజర్ చూపే అంకె కూడా. అంకె పెరుగుతుంటే ద్రవీకరణ తగ్గించాలి, లేదా పొడి గాలి కలిపి పలచన చేయాలి. ఆ తోక వాయువును యాసిడ్ ఫర్నేస్‌కో హైపో టవర్‌కో పంపుతారు.

ఇంకో పేలుడు పదార్థం నైట్రోజన్ ట్రైక్లోరైడ్. ఉప్పులోనో నీటిలోనో అమ్మోనియా ఉంటే అది సెల్‌లో ఇలా మారి, క్లోరిన్‌తో పాటు ద్రవంలోకి చేరుతుంది. దాని మరిగే స్థానం క్లోరిన్ కంటే చాలా ఎక్కువ. ద్రవ క్లోరిన్‌ను పాత్రలో ఆవిరి చేస్తూ పోతే క్లోరిన్ ముందు వెళ్లిపోయి ఇది అడుగున పోగవుతుంది. కాబట్టి వేపరైజర్‌ను అడుగంటా ఎప్పుడూ ఎండబెట్టకూడదు. అడుగు ద్రవాన్ని కొంత కొంత తీసి నాశనం చేస్తుండాలి.

రిఫార్మర్:

హైడ్రోజన్ వంతు నాది. అమ్మోనియా ఆలోచన వదిలేయండి. టన్ను అమ్మోనియాకు 178 కిలోల హైడ్రోజన్ కావాలి. మీ 2.52 టన్నులతో రోజుకు 14 టన్నులు వస్తుంది. పెద్ద అమ్మోనియా ప్లాంటు ఒక్కటి రోజుకు 2,000 టన్నులకు పైగా తీస్తుంది. 100 బార్ దాటిన పీడనానికి కంప్రెసర్, 400–500 డిగ్రీల కన్వర్టర్, గాలి నుంచి నైట్రోజన్ వేరుచేసే యూనిట్, ఇవన్నీ 14 టన్నుల కోసం పెట్టరు. పాఠం అబద్ధం చెప్పలేదు, పరిమాణం చెప్పలేదంతే.

పెద్ద ఎత్తున హైడ్రోజన్ వచ్చేది సహజ వాయువు నుంచి. గంధకాన్ని 350–400 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్ మీద తీసేస్తారు. తర్వాత ఒక కర్బన పరమాణువుకు మూడు నీటి అణువుల చొప్పున ఆవిరి కలిపి, నికెల్ ఉత్ప్రేరకం మీద 800–850 డిగ్రీల్లో విడగొడతారు. షిఫ్ట్ రియాక్టర్‌లో కార్బన్ మోనాక్సైడ్‌ను నీటితో చర్య జరిపి ఇంకొంత హైడ్రోజన్ రాబట్టి, చివర పీఎస్ఏలో (పీడనం పెంచి మలినాలను పీల్చుకుని, తగ్గించి వదిలేసే పద్ధతి) శుద్ధి చేస్తారు. ఆవిరి తగ్గితే నికెల్ మీద మసి పేరుకుని గొట్టంలో దారి మూసుకుపోతుంది, అక్కడ గొట్టం ఎర్రగా మచ్చపడి కాలుతుంది. గంధకం దాటి వచ్చినా ఇదే కథ, కాస్త వేరే దారిలో.

దాంతో పోలిస్తే మీ సెల్ హైడ్రోజన్ కొంచెమే గానీ మేలిమిది. గంధకం లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు. పల్లాడియం, నికెల్ ఉత్ప్రేరకాలను విషపూరితం చేసేవి అవే. ఉండేవల్లా నీటి ఆవిరి, కాస్టిక్ తుంపరలు, కొద్దిగా ఆక్సిజన్. చల్లబరచి, డిమిస్టర్‌లో తుంపరలు ఆపి, నీటితో ఒకసారి కడిగితే సగం పని అయిపోతుంది. ఆక్సిజన్ తీయాలంటే పల్లాడియం పడక (ఉత్ప్రేరక గుళికల పొర) మీద దాన్ని నీరుగా మార్చి, మాలిక్యులర్ సీవ్‌తో ఆరబెడతారు. 1% ఆక్సిజన్ ఉంటే ఆ పడక ఉష్ణోగ్రత ఉన్నదానికంటే 160 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. పడక ఉష్ణోగ్రత ఉన్నట్టుండి లేచిందంటే ఎక్కడో గాలి లోపలికి పీలుస్తోందన్న మాట, ఎనలైజర్ కంటే ముందు అదే చెబుతుంది. హైడ్రోజన్ లైన్‌ను మొదటి నుంచి చివరి దాకా బయటి గాలి కంటే కొంచెం ఎక్కువ పీడనంలోనే ఉంచేది అందుకే.

మీ పరిమాణానికి తగిన వాడకాలు ఇవి.

హైడ్రోజన్ పెరాక్సైడ్: టన్నుకు (100% లెక్కలో) 59 కిలోల హైడ్రోజన్. ఉన్నదంతా ఇస్తే రోజుకు 40 టన్నుల చిల్లర. పక్కనే పెరాక్సైడ్ యూనిట్ ఉంటే దీన్ని మించిన బేరం లేదు. ఆంత్రాక్వినోన్ పద్ధతిలో పల్లాడియం ఉత్ప్రేరకం వాడతారు కాబట్టి మీ శుద్ధికి అక్కడ విలువ ఉంది.

నూనెలు, కొవ్వు ఆమ్లాలు గట్టిపరచడం: టన్ను నూనెకు అయొడిన్ విలువ (నూనెలో ద్విబంధాలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత) ఒక్క అంకె దించడానికి 0.88 ఘనమీటర్లు. 60 అంకెలు దించాలంటే టన్నుకు 53. మీ రోజు హైడ్రోజన్ 500 టన్నుల నూనెకు సరిపోతుంది. 0.05–0.1% నికెల్, 120–200 డిగ్రీలు, కొద్ది బార్ల పీడనం. ఇక్కడ కాస్టిక్ తుంపరలు దాటి వెళితే నూనెలోని స్వేచ్ఛా ఆమ్లాలతో కలిసి సబ్బవుతుంది. సబ్బు నికెల్‌ను మూసేస్తుంది. చర్య మందగించిందని ఇంకాస్త నికెల్ వేయడం అలవాటు, చూడాల్సింది మాత్రం డిమిస్టర్‌ను. సగం గట్టిపరిస్తే ట్రాన్స్ కొవ్వులు వస్తాయి కాబట్టి ఆహారం వైపు ఈ వాడకం కుంచించుకుపోతోంది. సబ్బులు, స్టియరిక్ యాసిడ్ వైపు పూర్తిగా గట్టిపరుస్తారు, అక్కడ ఆ సమస్య లేదు.

వీటిలో ఏదీ దగ్గర్లో లేకపోతే బాయిలర్. చిన్నచూపు చూడకండి. కిలోకు 120 మెగాజూళ్ల చొప్పున మీది 3.5 మెగావాట్ల వేడి, రోజుకు 100 టన్నుల దాకా ఆవిరి. 32% కాస్టిక్‌ను 50%కు చిక్కబరచడానికి మీరు రోజుకు 112 టన్నుల నీరు ఇగర్చాలి, మూడంచెల ఇవాపరేటర్‌లో దానికి ఇందులో సగం ఆవిరి చాలు. బర్నర్ మాత్రం హైడ్రోజన్‌కు తగ్గది ఉండాలి. మంట వేగం ఎక్కువ కాబట్టి సహజ వాయువు బర్నర్‌లో వెనక్కి తన్నుతుంది. మంట పగటివేళ కంటికి కనబడదు కాబట్టి అతినీలలోహిత డిటెక్టర్ తప్పనిసరి.

పైపుల గురించి: ఈ పీడనాలకు, మామూలు ఉష్ణోగ్రతలకు కార్బన్ ఉక్కు చాలు. 200 డిగ్రీలు దాటి, పీడనం కూడా ఉన్నచోట హైడ్రోజన్ ఉక్కులోకి దూరి అందులోని కర్బనాన్ని మీథేన్‌గా మార్చి లోపలి నుంచి చీలుస్తుంది. అక్కడ క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు కావాలి.

ద్రవ్యసమతుల్యం:

చాలా సాయం చేశారు. క్లోరిన్ వైపు జాబితాలో ఏది ఎంత తింటుందో కూడా ఎవరైనా చెబుతారా? అత్యవసరంగా క్లోరిన్‌ను పట్టే టవర్‌కు 15 నిమిషాల పూర్తి ఉత్పత్తి లెక్కన 18% కాస్టిక్ 6 టన్నులు పెట్టాను. సరిపోతుందా?

పొడిక్లోరిన్:

మొదటిది. క్లోరిన్ వాడకాలను నేను రెండు గంపల్లో వేస్తాను. సరుకులో ఉండిపోయేది ఒకటి, పని చేసిపెట్టి బయటికొచ్చేది ఇంకోటి.

ఉండిపోయే వాటిలో పీవీసీ పెద్దది. టన్ను వినైల్ క్లోరైడ్‌కు లెక్క ప్రకారం 0.57 టన్నుల క్లోరిన్. ఎథిలీన్‌కు క్లోరిన్ కలిపి ఎథిలీన్ డైక్లోరైడ్ చేసి, 500 డిగ్రీల దగ్గర విడగొడితే సగం క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా ఊడిపోతుంది. దాన్ని మళ్లీ ఎథిలీన్, ఆక్సిజన్‌తో రాగి ఉత్ప్రేరకం మీద కలిపి తిరిగి డైక్లోరైడ్ చేస్తారు. ఆ చక్రం సరిగా తిరిగితేనే 0.57 అంకె నిజం. మీ మొత్తం క్లోరిన్ రోజుకు 150 టన్నుల వినైల్ క్లోరైడ్‌కు వస్తుంది.

బయటికొచ్చే గంపలో ఐసోసయనేట్లు, పాలీకార్బనేట్, క్లోరోహైడ్రిన్ దారిలో ప్రొపిలీన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. పాలియురేథేన్ నురుగులో, తెల్ల రంగు పిగ్మెంట్‌లో క్లోరిన్ వెతికితే దొరకదు. ఫాస్‌జీన్ (క్లోరిన్, కార్బన్ మోనాక్సైడ్ కలిపి చేసే వాయువు) వాడేచోట క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా వచ్చేస్తుంది. నీలిమంట గారు చెప్పిన "ఊరికే వచ్చిపడే యాసిడ్" ఇదే. క్లోరోహైడ్రిన్ దారిలో ఉప్పుగా కాలువలోకి పోతుంది. టైటానియం విషయంలో మాత్రం ఖనిజాన్ని 900–1,000 డిగ్రీల్లో కోక్‌తో కలిపి క్లోరిన్‌తో టెట్రాక్లోరైడ్ చేసి, దాన్ని ఆక్సిజన్‌లో కాలిస్తే క్లోరిన్ తిరిగి వస్తుంది. కాబట్టి అలాంటి ప్లాంటు కొనేది నష్టాన్ని పూడ్చేంత మాత్రమే. వాడుకదారు సామర్థ్యం చూసి క్లోరిన్ డిమాండ్ అంచనా వేస్తే మోసపోయేది ఇలాంటి చోటే.

రెండోది, టవర్. గంటకు 3.7 టన్నులు, 15 నిమిషాలకు 0.92 టన్నులు. కిలో క్లోరిన్‌కు 1.128 కిలోల కాస్టిక్ చొప్పున 1.04 టన్నులు, 18% ద్రావణంలో 5.8. రసాయన లెక్క సరిగ్గా సరిపోయింది, అదే తప్పు. వేడి వేయలేదు. కిలో క్లోరిన్ కరిగితే 1.4 మెగాజూళ్లు విడుదలవుతాయి. 0.92 టన్నులకు 1,300 మెగాజూళ్లు. 6 టన్నుల ద్రావణం అంత వేడిని మింగితే ఉష్ణోగ్రత 60 డిగ్రీలు పెరుగుతుంది, 30 దగ్గర మొదలైతే 90. హైపోక్లోరైట్ 40 దాటకుండా ఉండాలి. వేడెక్కితే క్లోరేట్‌గా మారుతుంది, నికెల్, కోబాల్ట్ లాంటివి కొంచెం ఉన్నా ఆక్సిజన్ వదులుతూ నురగలు కక్కుతుంది. ఇంకా ఘోరం, కాస్టిక్ అయిపోయాక కూడా క్లోరిన్ వస్తుంటే పీహెచ్ పడిపోయి, అప్పటిదాకా పట్టిందంతా తిరిగి క్లోరిన్‌గా బయటికొస్తుంది.

కాబట్టి ద్రావణం కనీసం రెండింతలు, పంపు దారిలో కూలర్, రెండో టవర్ వరుసలో. ఫ్యాన్, పంపు, కూలర్ మూడింటికీ అత్యవసర కరెంటు, ఎందుకంటే ఈ టవర్ అవసరం పడేది సరిగ్గా కరెంటు పోయినప్పుడే. పంపు మొదలయ్యేలోపు పట్టడానికి పైన ఒక చిన్న ట్యాంకు నుంచి కాస్టిక్ తనంతట తానే దిగేలా పెట్టేవారు కూడా ఉన్నారు. మంచి ఏర్పాటు. 20% దాటిన కాస్టిక్ వాడితే ఉప్పు గడ్డకట్టి ప్యాకింగ్ మూసుకుపోతుంది, పలచగా ఉంచడానికి అదింకో కారణం.

వాల్వుకీ:

ఇంత పెద్ద టవర్ ఎందుకు? క్లోరిన్ నీళ్లలో కరుగుతుందిగా. లీకైన చోట హోస్‌తో నీళ్లు కొడితే పోదా?

టన్నర్:

కొట్టకండి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగేది 7 గ్రాములు. టన్ను క్లోరిన్‌కు 140 ఘనమీటర్ల నీరు, అదీ పూర్తిగా కలిస్తే. లీకు మీద నీళ్లు పడితే జరిగేది వేరు: ద్రవ క్లోరిన్ మరిగేది సున్నాకు 34 డిగ్రీల కింద, దాని పక్కన కుళాయి నీరు పొయ్యి లాంటిది. ఆవిరి ఎక్కువవుతుంది. పైగా రంధ్రం దగ్గర యాసిడ్ తయారై గంటల్లో రంధ్రం పెద్దదవుతుంది.

నీటిశుద్ధి కేంద్రాల్లో వాడే, 900 కిలోల ద్రవ క్లోరిన్ పట్టే టన్నర్ల (పెద్ద ఉక్కు సిలిండర్ల) గురించి ఇదే సందర్భంలో చెప్తాను, ద్రవ్యసమతుల్యం గారి క్లోరిన్‌లో కొంత అటే పోతుంది. టన్నర్‌కు రెండు వాల్వులుంటాయి. అవి నిలువు గీతలో వచ్చేలా పడుకోబెట్టాలి, పైది వాయువు ఇస్తుంది, కిందిది ద్రవం. లీకు ద్రవం వైపు ఉంటే టన్నర్‌ను దొర్లించి లీకు పైకి వచ్చేలా తిప్పండి. ద్రవం ఆవిరైతే ఘనపరిమాణం 450 రెట్లకు పైగా పెరుగుతుంది కాబట్టి అదే రంధ్రం నుంచి వాయువు కారడం ఎన్నో రెట్లు మేలు. లీకు ఎక్కడో తెలియకపోతే అమ్మోనియా సీసా ఆవిరిని దగ్గరగా వదిలితే తెల్లని పొగ వస్తుంది. ద్రవాన్ని పోయకండి, ఇత్తడి పాడవుతుంది.

వాయువుగా తీసేటప్పుడు 20 డిగ్రీల వాతావరణంలో గంటకు ఏడెనిమిది కిలోలు దాటితే టన్నర్ ఒంటి మీద మంచు పడుతుంది, పీడనం పడిపోయి మోతాదు తగ్గుతుంది. దానికి మందు ఇంకో టన్నర్ జత చేయడం. దీపంతోనో ఆవిరితోనో వేడిచేయడం మాత్రం వద్దు. ఫ్యూజిబుల్ ప్లగ్గులు (వేడెక్కితే కరిగి లోపలి పీడనం వదిలే బిరడాలు) 70–74 డిగ్రీల మధ్య కరుగుతాయి, కరిగితే మూయడానికి ఏమీ ఉండదు. విప్పి బిగించిన ప్రతిసారీ సీసం వాషర్ కొత్తది వేయాలి. ద్రవం ఉన్న పైపుకు రెండు వైపులా వాల్వులు మూసి వదిలేయకండి, ఎండకు ద్రవం వ్యాకోచించి పైపు పగులుతుంది.

ద్రవ్యసమతుల్యం:

సవరించిన లెక్క ఇది. క్లోరిన్‌లో 70 టన్నులు పైపులో డైక్లోరైడ్ యూనిట్‌కు, 10 టన్నులు యాసిడ్ ఫర్నేస్‌కు, మిగతా 8.6 టన్నర్లకు. ఫర్నేస్‌కు హైడ్రోజన్ 0.3 టన్ను, 32% యాసిడ్ రోజుకు 32 టన్నులు. మిగిలిన 2.2 టన్నుల హైడ్రోజన్ బాయిలర్‌కు. హైపో ద్రావణం 12 టన్నులు, కూలర్‌తో. ఎక్కడైనా తప్పుందా?

సెల్‌హౌస్:

పంపకం బాగుంది. రెండు చోట్ల చేయి పెట్టాలి. పైపు అవతలి యూనిట్ ట్రిప్ అయితే గంటకు 2.9 టన్నుల క్లోరిన్ మీ మీద పడుతుంది. హైపో టవర్ ఆపగలిగేది పావుగంటే. ఆ లోపు రెక్టిఫయర్ (సెల్‌లకు డీసీ కరెంటు ఇచ్చేది) కరెంటు దించాలి, దించలేనిది ద్రవీకరణ యూనిట్ పట్టాలి. కాబట్టి ఆ యూనిట్‌ను 8.6 టన్నులకు సరిపోయేలా కొంటే చాలదు. ఎంత దించగలరో సెల్ తయారీదారు ఇచ్చే కనీస కరెంటు చూసి, మిగిలినదానికి సైజు వేయండి.

రెండోది హైడ్రోజన్ వెంట్. బాయిలర్ ఆగిన ప్రతిసారీ అక్కడి నుంచే వదలాలి. పిడుగుకో, స్థిర విద్యుత్తుకో వెంట్ కొన అంటుకోవడం మామూలే, మంట కనబడదు కూడా. అప్పుడు హైడ్రోజన్ ఆపేస్తే మంట గొట్టంలోకి వెనక్కి వస్తుంది. ప్రవాహం ఆపకుండానే ఆవిరి గానీ నైట్రోజన్ గానీ ఎక్కించి ఆర్పేలా కింద ఒక కనెక్షన్, దానికి నేల మీద నుంచి తిప్పగలిగే వాల్వు గీయండి.